గంటా పన్నెండు నిమిషాలు

ఒరేయ్ రమణా,

ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో, తర్వాత చదువుదువుగాని. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది, నిజమే. రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను. ఒకటి పరీక్ష పేపర్ల కట్టలో కలిసిపోయింది. రెండోదాని వెనక మావాడు భిన్నాల లెక్కలు చేసేశాడు, అవీ తప్పే. ఇవాళ మాత్రం నాకు సరిగ్గా గంటా పన్నెండు నిమిషాల టైముంది. అంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటావా? చదువుతూ పో, నీకే తెలుస్తుంది.

ఇంటి కబుర్లు ఒక్క గుక్కలో చెప్పేస్తా. అమ్మ మోకాలు పర్వాలేదు, మావాడికి కళ్ళజోడు వచ్చింది, నాకు ప్రమోషన్ రాలేదు, గొడుగు ఇంకా దొరకలేదు. గొడుగు దగ్గర ఆగి నవ్వకు, ముందుకు పద.

మా డిపార్టుమెంటులో ‘మీడియా, జెండర్’ పేపరు చెప్పే మేడం ప్రసూతి సెలవు మీద వెళ్ళారు. ఆ పేపరు ఎవరికివ్వాలా అని మీటింగు పెడితే అందరూ బుద్ధిగా తలలు దించుకున్నారు. నేను గోడ గడియారం చూద్దామని తల ఎత్తాను, హెచ్‌ఓడీ కళ్ళలో పడ్డాను. అయిపోయింది. పదేళ్ళు పత్రిక డెస్కులో వార్తలకు హెడ్డింగులు పెట్టి, ఇప్పుడు పిల్లలకు హెడ్డింగులు పెట్టడం నేర్పుతున్న నాకు ఫెమినిజం అంటే ఏముందిరా? మార్చి 8న వేసే స్పెషల్ పేజీ, దానికి నువ్వూ నేనూ కూర్చుని వేసిన గులాబీ రంగు బోర్డరూ. అంతేగా.

సరే, మన పరువు సంగతి అని మూడు రాత్రులు కూర్చుని, సినిమాల్లో ఆడవాళ్ళను ఎలా చూపిస్తారన్న దాని మీద లారా మల్వీ అనే ఆవిడ రాసిన వ్యాసం చదివాను. 1975లో ‘స్క్రీన్’ అనే పత్రికలో వచ్చింది. ‘మేల్ గేజ్’, అంటే మగచూపు, అని అందరూ ఇప్పుడు తేలిగ్గా వాడేస్తున్న మాట అందులోంచే. మనసు లోతుల గురించి చెప్పినవాళ్ళను తెచ్చి పెట్టింది మధ్యలో. ఫ్రాయిడ్ వరకు బాగానే నడిచింది, లకాన్ దగ్గర నిద్రపోయాను, అబద్ధమెందుకు. కానీ అసలు విషయం పట్టుబడ్డాక భలే ఉందిరా. సినిమాలో మూడు చూపులుంటాయంటుంది ఆవిడ. కెమెరా చూసేది ఒకటి, హాల్లో మనం చూసేది ఒకటి, తెర మీద పాత్రలు ఒకరినొకరు చూసుకునేది ఒకటి. మామూలు సినిమా మొదటి రెంటినీ దాచేసి మూడోదాన్నే మనకు మిగులుస్తుంది. కెమెరా ఉందన్న సంగతి మరిచిపోతాం, మనం కుర్చీలో కూర్చున్న సంగతీ మరిచిపోతాం. హీరో కళ్ళే మన కళ్ళు. అతను ఆమెను చూడగానే కథ టక్కున ఆగుతుంది. కాలు, నడుము, పెదవి, ఇలా ముక్కలు ముక్కలుగా ఆమె కనిపిస్తుంది. ఆ ముచ్చట తీరాక కథ మళ్ళీ కదులుతుంది, కదిలించేది కూడా హీరోనే.

క్లాసులో దీన్ని అదరగొట్టాను. గొప్పలు కాదు, నిజంగా. ఒక హీరోయిన్ ఎంట్రీ సీను పెట్టి సౌండు తీసేశాను. ఆమె ఎవరినైనా, దేన్నైనా చూస్తున్న షాటు వస్తే కుడిచెయ్యి ఎత్తండి, ఆమెను ఎవరో చూస్తున్న షాటు వస్తే ఎడమచెయ్యి ఎత్తండి అన్నాను. రెండు నిమిషాలు ఎడమచేతులు దిగితే ఒట్టు. మగపిల్లలు మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆపారు. చేతులు నొప్పెట్టాయేమో మరి. నాకైతే మన టోపీ మాస్టారు పూనినట్టనిపించింది.

అప్పుడు లేచిందిరా చివరి బెంచీ అమ్మాయి. ఎప్పుడూ నోట్సు రాసుకోదు, గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

“సార్, మా అమ్మ సీరియల్ చూడదు. వింటుంది.”

క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు. “నిజమే సార్. టీవీ హాల్లో ఉంటుంది, అమ్మ వంటగదిలో ఉంటుంది. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు తలుపు తీశారో అక్కణ్ణుంచే చెప్పేస్తుంది. మ్యూజిక్ పెద్దదైనప్పుడు తడిచేతులతో గుమ్మం దాకా వచ్చి ఒక్క మొహం చూసి వెళ్ళిపోతుంది. మీరు చెప్పిన మూడు చూపుల్లో మా అమ్మది ఏది సార్?”

నేనేం చేశానో నీకు చెప్పక్కర్లేదు. “మంచి ప్రశ్న. రేపు మాట్లాడుకుందాం” అన్నాను. టోపీ మాస్టారు కూడా సరిగ్గా ఇలాగే అనేవారు కదా. ఆ ‘రేపు’ ఎప్పుడూ వచ్చేది కాదు. నాది కూడా రాకూడదనే కోరుకున్నాను, ఒక పూట.

కానీ ఆ తడిచేతులు నన్ను వదల్లేదు. మల్వీ రాసింది చీకటి హాలు గురించి, కదలకుండా కూర్చున్న మనిషి గురించి. ఇంట్లో టీవీ ముందు అలా కూర్చునేది ఎవరు? ఎవరో చెప్పనా? నేను. (ఇప్పుడే లోపలికెళ్ళి చూసొచ్చాను. 0:58 చూపిస్తోంది.)

లైబ్రరీలో మేడం దాచిపెట్టిన పుస్తకాల వరస దొరికింది. టానియా మోడ్లెస్కీ అని ఒకావిడ, 1982లో. మన డెస్కులో టీవీ సీరియల్స్‌ను ఎన్ని మాటలనేవాళ్ళం! ఒకే మాట మూడుసార్లు చెబుతారు, ఒకే మొహాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తారు, కథ ముందుకు కదలదు అని. ఆవిడ చెప్పేదేమిటంటే, ఆ సాగదీత ఇంటిపని నడకకు సరిపోతుందట. మధ్యలో పది ఆటంకాలు వచ్చే మనిషికి, ఒక పని వదిలి ఇంకో పనికి పరిగెత్తే మనిషికి, ఎక్కడ తల తిప్పి చూసినా అందేలా ఉంటుంది ఆ కథ. ఇంటిపనిలాగే దానికీ ముగింపు ఉండదు. ఒరేయ్, మనం తప్పని నవ్విన ప్రతి చోటా ఎవరో పని చేసుకుంటున్న మనిషి ఉందన్నమాట. తిరగమోత... వద్దులే, వంటల్లోకి వెళ్తే నువ్వు దారి తప్పుతావు.

ఇంకొకావిడ సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఉత్తరాల వ్యవహారం. ఈన్ ఆంగ్ అని, నెదర్లాండ్స్‌లో చదువుకుంది. అప్పట్లో ‘డాలస్’ అనే అమెరికన్ సీరియల్‌ను అక్కడ విరగబడి చూసేవాళ్ళు, విరగబడి తిట్టేవాళ్ళు కూడా. ఈవిడ ఒక ఆడవాళ్ళ పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చింది. నాకా సీరియల్ ఇష్టం, ఇష్టమంటే జనం నన్ను వింతగా చూస్తున్నారు, మీకెందుకు ఇష్టమో, ఎందుకు కాదో రాయండి అని. 42 ఉత్తరాలు వచ్చాయి. వాటితోనే పుస్తకం. ఇష్టమని రాసినవాళ్ళలో కూడా ఎంతమంది సంజాయిషీ ఇచ్చుకున్నట్టు రాశారో! నాకు తెలుసు ఇది చెత్త అని, అయినా చూస్తానని కొందరు. వెటకారంగా చూస్తానని కొందరు. చెత్త అన్న ముద్ర ముందే పడిపోయింది కాబట్టి, ఇష్టపడే మనిషికి ఇష్టాన్ని చెప్పుకునే మాటలే లేకుండా పోయాయి.

ఇది చదివి పుస్తకం మూసేశానురా. నేను హాల్లోకి రాగానే మీ చెల్లెలు సీరియల్ సౌండు తగ్గిస్తుంది. ఎన్నేళ్ళుగానో తగ్గిస్తోంది. నేనెప్పుడూ ఏమీ అనలేదే అనుకున్నాను. అనలేదా? అన్నాను. పెళ్ళైన కొత్తలో, నీ ముందే అన్నాను. నువ్వూ నవ్వావు.

సరే, దాన్ని అక్కడ వదిలేద్దాం.

కాదు, వదలను. ఎలాగూ దొరికాం కాబట్టి ఇది కూడా విను. ఐదేళ్ళకోసారి ప్రపంచమంతటా ఒకే రోజు వార్తలను లెక్కపెట్టే పని ఒకటుంది, గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు అని. 1995లో మొదలుపెట్టినప్పుడు వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో ఆడవాళ్ళు 17 శాతం. 2020కి 25 శాతం. పాతికేళ్ళకు ఎనిమిది. బోర్డు మీద ఇది రాసి గంభీరంగా నిలబడ్డాను గానీ, లోపల మాత్రం మన హెడ్డింగులు వరసగా గుర్తొచ్చాయి. ‘కిలేడీ అరెస్ట్’. మగవాడు మోసం చేస్తే మోసగాడు, మరీ పెద్దవాడైతే ఘరానా మోసగాడు. ఆడది చేస్తే ఆ ‘లేడీ’ని కోట్స్‌లో పెట్టి మరీ కిలేడీ. ఎంత మురిసిపోయేవాళ్ళం! ఎవరైనా ఆడమనిషి చచ్చిపోతే ‘వివాహిత మృతి’. ‘వివాహితుడి మృతి’ అని నువ్వెప్పుడైనా పెట్టావా? నేను పెట్టలేదు. బ్యాంకు మేనేజరైనా సరే, ‘ఇద్దరు పిల్లల తల్లి’. ఆ పాతిక శాతంలో మన కిలేడీలు ఎందరున్నారో, లెక్కపెట్టినవాళ్ళకే తెలియాలి.

మర్నాడు క్లాసుకు వెళ్ళి ఆ అమ్మాయికి మోడ్లెస్కీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, “అయితే సార్, అది మా అమ్మకు పనికొచ్చేలా తీశారా, మా అమ్మ పనిలోనే ఉండిపోయేలా తీశారా?” అంది. ఒరేయ్, ఈ పిల్ల నోట్సు రాసుకోదని చెప్పానా! ‘రెండూ’ అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

ఇంకో అబ్బాయి ఇంకో మెలిక పెట్టాడు. ఇప్పుడు అమ్మాయిలే ఫోను పట్టుకుని వాళ్ళ వీడియోలు వాళ్ళే తీసుకుంటున్నారు కదా, ఇంకా మగచూపేమిటి సార్ అని. దానికి రోజలిండ్ గిల్ 2007లో రాసిన వ్యాసం ఉంది. ఆ చూపు బయటి నుంచి లోపలికి మారిందంటుంది. ఎవరో ఆమెను నిలబెట్టి చూడటం కాదు, తనను తానే అలా చూసుకోవడం, దానికి ‘నా ఇష్టం’ అని పేరు. నేను ఇలా చెబుతుంటే ఇంకో అమ్మాయి, “నా ఇష్టం నిజంగా నా ఇష్టమే అయితే సార్? అన్నిటికీ మోసపోయామనేనా?” అంది. అక్కడ బెల్లు కొట్టారు. ఆ ప్రశ్న మీద నీతో కూర్చుని ఒక రాత్రంతా... ఉత్తరంలో కుదరదు. నల్లజాతి అమెరికన్ రచయిత్రి బెల్ హుక్స్‌ను కూడా చెప్పాలి అసలు. మల్వీ లెక్కలో నల్లజాతి ఆడవాళ్ళు ఎక్కడున్నారు, వాళ్ళు తెరను ఎదురుతిరిగి చూసిన చూపు సంగతేమిటని 1992లో నిలదీసింది. తన పేరును ఇంగ్లీషులో అన్నీ చిన్న అక్షరాలతోనే రాసుకునేది. మన లిపిలో ఆ గొడవే లేదు, అందరం ఒకే సైజు.

(0:31. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఏదో వాసన వస్తోంది, మంచిదే అనుకుంటా.)

ఇప్పుడు అసలైనదానికి వస్తున్నాను. ఇప్పటిదాకా ఉపోద్ఘాతమే, కొట్టకు.

ఆన్ గ్రే అనే ఆవిడ వీసీఆర్ రోజుల్లో, అదే టీవీకి తగిలించి వీడియో క్యాసెట్లు వేసుకునే పెట్టె ఉన్న రోజుల్లో, ఇంగ్లండులో ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడింది, 1992లో పుస్తకం వేసింది. ఆవిడ అడిగిన ప్రశ్న చూడు. మీ ఇంట్లో ఒక్కో వస్తువుకు గులాబీ రంగో నీలం రంగో వేయమంటే ఏది వేస్తారు? ఇస్త్రీపెట్టె గులాబీ, డ్రిల్లింగ్ మెషీన్ నీలం, ఇంతవరకు మనమూ చెప్పగలం. వీసీఆర్ దగ్గరే తమాషా. ఒకే పెట్టె, రెండు రంగులు. ప్లే, రికార్డు, రివైండు బటన్లు లేత ఊదా. ఫలానా టైముకు దానంతటదే రికార్డయ్యేలా పెట్టే టైమర్ మాత్రం దాదాపు ప్రతిచోటా నీలం. ఇక రిమోటు అన్నిటికన్నా ముదురు, ఇండిగో. అది ఎవరి చేతిలో ఉంటుందో ఊహించుకో. డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు కూడా 1986లో లండన్‌లో 18 కుటుంబాలతో మాట్లాడి ఇదే మాట అన్నాడు, రిమోటు మగవాడి చేతిలోనే అని.

క్లాసులో ఇదే ఆట ఆడించాను. రౌటరు నీలం అన్నారు. బంధువుల గ్రూపులో పుట్టినరోజు మెసేజీలు పెట్టడం గులాబీ. బిల్లు కట్టే యాప్ నీలం, పిల్లల స్కూలు యాప్ ముదురు గులాబీ. బాగా నడుస్తోంది. చివరి బెంచీ నుంచి, “మీ ఇంట్లో సార్?”

దాపరికం ఏముందని బోర్డు మీద నా ఇల్లు రాశాను. రౌటరు నీలం, రిమోటు నీలం. వాషింగ్ మెషీన్ దగ్గర గులాబీ అని రాసి, “అది నాకు రాదు” అన్నాను.

“ఎన్నేళ్ళ నుంచి ఉంది సార్ మెషీను?”

“పదకొండు.”

ఎవరూ ఏమీ అనలేదు. నేనే ఆ మౌనం భరించలేక పాఠం కొనసాగించాను, అదే నేను చేసిన తప్పు. గ్రే మాట్లాడిన ఆడవాళ్ళలో కొందరు టైమర్ పెట్టడం కావాలనే నేర్చుకోలేదు, నేర్చుకుంటే ఆ పని కూడా తమ మీదే పడుతుందని. దానికి ఆవిడ పెట్టిన ఇంగ్లీషు పేరుకు తెలుగు తోచక బోర్డు మీద ‘తెలివైన తెలియనితనం’ అని రాశాను. రాసి వెనక్కి తిరిగాను. ముప్పైమంది నా వంక చూస్తున్నారు. ఆ మాట కింద, సుద్దముక్కతో అంత స్పష్టంగా, ‘వాషింగ్ మెషీన్: నాకు రాదు’. రమణా, మల్వీ చెప్పిన చూపు ఒంటి మీద పడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ముక్కలు ముక్కలుగా కనిపించి ఉంటాను.

ఇంటికి వచ్చి మీ చెల్లెలికి మొత్తం చెప్పాను. ఆ ఆడవాళ్ళకు అప్పటికే చేతినిండా పని ఉండి, ఒక్కటైనా తప్పించుకోవడానికి తెలియనట్టు ఉన్నారు, నేనేమో ఏ పనీ లేకుండానే తెలియనట్టు ఉన్నాను, ఇది సమానం కాదు అని చాలా న్యాయంగా, కొంచెం గర్వంగా కూడా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. బట్టలు మడత పెడుతూ విని, “రౌటరు నీలం అని ఎవరు చెప్పారు?” అంది.

“నేనేగా రీసెట్ చేసేది.”

“పోయిన వేసవిలో వారం రోజులు సెమినారుకు వెళ్ళారు. అప్పుడు రెండుసార్లు పోయింది. ఎవరు పెట్టారనుకుంటున్నారు, పక్కింటివాళ్ళా?”

“మరి నన్నెందుకు పిలుస్తావు?”

“వచ్చంటే అది కూడా నాకే అంటుకుంటుందిగా. అదీకాక...” అని ఆగింది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. “అది బాగుచేసి లేచి నిలబడతారు చూడండీ, ఆ మొహం చూడ్డానికి టికెట్టు పెట్టొచ్చు. అదొక్కటైనా మీకు ఉండనీలెండి అనుకున్నా.”

పదకొండేళ్ళుగా నా హీరో ఎంట్రీని ఒకే ఒక్క ప్రేక్షకురాలు కూర్చుని చూస్తోందిరా. నేను మాత్రం చూసేది నేననుకుంటున్నాను.

అందుకే ఇవాళ ఆదివారం పూట, ఎవరికీ చెప్పకుండా వాషింగ్ మెషీన్ ముందు కూర్చున్నాను. దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. గుండ్రటి నాబ్ చుట్టూ పదహారు పేర్లున్నాయి. పదిహేను కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఒక్కచోట మాత్రం అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి, తెల్లటి ప్లాస్టిక్కే మిగిలింది. ఆ పక్కన బటన్ మీద వేలు ఆనేచోట చిన్న పల్లం. ఏ ప్రోగ్రామో చదవలేను గానీ, తిప్పాల్సింది అక్కడికేనని ఎవరికైనా తెలుస్తుంది. తిప్పాను. పౌడరు వేసే అరకు మూడు గదులున్నాయి. ఏ గదిలోనో ఎక్కడా రాసిలేదు, అడగడానికి నోరు రాలేదు. మూడింటిలోనూ వేశాను. బటన్ నొక్కితే 1:12 అని చూపించింది. కాగితం కలం తెచ్చుకున్నాను.

మీ చెల్లెలు హాల్లో టీవీ ముందుంది, రిమోటు ఆవిడ దగ్గరే ఉంది. నేను ఇటు వస్తున్నప్పుడు సౌండు తగ్గించలేదు, అది గమనించాను. నీ సంగతులేమిటి, మీ ఇంట్లో రౌటరు ఏ రంగు అని అడుగుదామని

ఆగు, అది కూస్తోంది. 0:09 దగ్గర ఆగిపోయింది, అంకెలు పోయి ఏదో ఇంగ్లీషు అక్షరం వెలుగుతోంది. తలుపు రావట్లేదు. అడుగు నుంచి నురగ వస్తోంది, తెల్లగా, చాలా వస్తోంది. హాల్లోంచి “మధ్య గదిలో కూడా పౌడరే వేశారా?” అని కేక. లేచి రాలేదురా, కూర్చున్న చోటు నుంచే. వింటోందన్నమాట ఇందాకట్నుంచీ.

ఉంటా, నా కాళ్ళు తడుస్తు